సోమవారపు జ్వరము

గృహస్థునకు ఇంటి గోడలు లేచిన తోడనే కలుగు చింత గేటును గూర్చినది. దొంగలు రాకుండవలెను, వీధి కుక్కలు చొరకుండవలెను, బిడ్డలు రోడ్డు మీదికి పరుగెత్తకుండవలెను. ఇన్ని భయములను ఒక్క ఇనుప గేటు తీర్చునని మనము నమ్ముదుము. ఆ నమ్మకము తప్పు కాదు. కాని మన క్షేమము కొరకు ఆ గేటును చేయువాని క్షేమమేమని విచారించు గృహస్థులు అరుదు. ఆ అరుదైన వారిలో మేమును లేమని మొదటనే ఒప్పుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము నివసించునది హైదరాబాదునకు తూర్పున, ఎల్.బి.నగరమునకు చేరువనున్న మన్సూరాబాదు. ఎల్.బి.నగరము వరకు 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చినది. ఇచ్చట ఏ కాలనీలో చూచినను ఒక ఇల్లు పూర్తియగుచుండును, మరియొకటి మొదలగుచుండును. ఇల్లు లేచిన చోటనెల్ల గేటు కావలెను, కిటికీలకు గ్రిల్లులు కావలెను, మెట్లకు రెయిలింగు కావలెను, డాబాపైన రేకుల షెడ్డు కావలెను. కావున ఈ ప్రాంతమున కిరాణా దుకాణమునకు ఎంత దూరము నడువవలెనో వెల్డింగు దుకాణమునకును అంతే. విజయవాడ రహదారి మీద ఆటోనగరమునకు పోయినచో లారీల పనులలో ఆ నీలపు మెరుపులే మిరుమిట్లు గొలుపును. మనము కన్ను పక్కకు త్రిప్పుకొని నడచిపోవుదుము. త్రిప్పుకొనుటకు వీలులేనివాడు అచటనే కూర్చుండి యుండును.

గడచిన వేసవిలో మా ఇంటికి క్రొత్త గేటును, మెట్లకు రెయిలింగును చేయింపదలచితిమి. దగ్గరనున్న దుకాణపు మేస్త్రిని పిలిచి కిలో ఇనుమునకు ఇంతయని బేరమాడితిమి. రంగు గూర్చి అడిగితిమి, గొళ్లెము గూర్చి అడిగితిమి, ఎన్ని దినములలో ముగింతువని అడిగితిమి. ముఖమునకు కవచమున్నదా యని అడుగలేదు. వచ్చినవారు ఇద్దరు: నలువదేండ్ల మేస్త్రి, పదునెనిమిది పందొమ్మిదేండ్ల కుర్రవాడు. మేస్త్రి కన్నులకు బజారులో దొరకు చలువ కళ్లద్దములు. కుర్రవానికి అవియును లేవు. మేస్త్రి రాడ్డు ముట్టించునపుడు వాడు ఇనుప పట్టీని రెండు చేతులతో పట్టుకొని, ముఖము ప్రక్కకు త్రిప్పి, కన్నులు మూసికొనుచుండెను. కాళ్లకు రబ్బరు చెప్పులు.

ఆ శనివారము మా మనుమరాలు కిటికీ యొద్ద నిలిచి, మెరుపులు బాగున్నవని చాలసేపు చూచినది. వారించినవారు లేరు. ఆ రాత్రి నిద్రనుండి లేచి, కన్నులలో ఇసుక పడినదని ఏడువసాగినది. దీపము చూడలేకపోయినది. మా అక్కగారు పాలచుక్కలు వేయుడనిరి. ఎవరో బంగాళదుంప ముక్కలు పెట్టుడనిరి. మేము ఆ రాత్రియే బిడ్డను కంటి వైద్యునికడకు కొనిపోతిమి. రెండు దినములలో కుదుటపడినది. సోమవారము పనికి వచ్చిన కుర్రవాని కన్నులును ఎఱ్ఱగా నుండెను. ఏమి చేసితివని అడుగగా పాలు వేసికొని పండుకొంటినని చెప్పెను. ఒకే మెరుపు, ఒకే రాత్రి, ఒకే నొప్పి. ఒకరికి వైద్యుడు, మరియొకరికి పాలచుక్క! ఈ భేదమును మేము ఆనాడు కంటితో చూచితిమి గాని మనసుతో చూడలేదు.

వైద్యుడు మాకు చెప్పిన సంగతి చదువరులకును ఉపయోగించును. రాడ్డు కొనయందు పుట్టు ఆ మెరుపులో కంటికి కనబడు వెలుతురే గాక, కనబడని అతినీల కిరణములు మెండుగా నుండును. ఎండ చర్మమును కాల్చినట్లు అవి కనుపాప పైపొరను కాల్చును. నొప్పి వెంటనే తెలియదు. కొన్ని గంటలు గడచి, పనివాడు ఇల్లు చేరి పండుకొన్న పిమ్మట తెలియును. అందుచేతనే పనికిని నొప్పికిని గల సంబంధమును చాలమంది గుర్తింపరు. పాలు ఆ గాయమును మాన్పవు సరికదా, లేని సూక్ష్మక్రిములను తెచ్చిపెట్టవచ్చును. మందుల దుకాణములో తిమ్మిరి కలిగించు చుక్కలు కొని మాటిమాటికి వేసికొనుట అంతకంటె కీడు. నొప్పి మరచును గాని గాయము మానుట ఆలస్యమగును. చలువ కళ్లద్దములు ఈ పనికి చాలవు. వెల్డింగు అద్దములకు నలుపును బట్టి అంకెలుండును. రాడ్డుతో చేయు సాధారణపు పనికి 10 మొదలు 13 వరకు గలవి వాడుదురు. కన్నులు మూసికొనుట కవచము కాదు. మూసిన రెప్పయు కమలును, ముఖమును కమలును. మూసినవాడు తన చేయి ఎచ్చటనున్నదో ఎరుగడు.

ఇంతవరకు జరిగినది అజాగ్రత్త. ఇక చెప్పబోవునది మా అపరాధము.

ఆ సోమవారము మెట్లగదిలో రెయిలింగు పని. దానికి తుప్పు పట్టకుండవలెనని మేమే కోరి జీఐ పైపు తెప్పించితిమి. పొగ ఇంటిలోనికి వచ్చుచున్నదని ఆడవారు విసుగుకొనగా, మెట్లగది తలుపులు మేమే వేయించితిమి. సాయంకాలము వరకు మేస్త్రి ఆ మూసిన గదిలో పైపు లతికెను. మంగళవారము అతడు రాలేదు. బుధవారము మధ్యాహ్నము వచ్చెను, ముఖము వాడియున్నది. జ్వరము వచ్చినదని చెప్పెను. మేమేమంటిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. "ఆదివారము త్రాగినది మంగళవారమునకు గాని దిగలేదా?" అంటిమి. అతడు బదులు పలుకక హోల్డరు చేతబట్టుకొని మెట్లెక్కెను.

ఆ సాయంకాలము మా వీధిలోని వైద్యులొకరితో, పనివారి క్రమశిక్షణను గూర్చి మాటలాడుచు, ఈ సంగతిని ఉదాహరణముగా చెప్పితిమి. ఆయన మా ఉపన్యాసమును వినక, "ఏ పైపు?" అని అడిగిరి. జీఐ పైపు అంటిమి. "తలుపులు తెరచియుండెనా?" అని అడిగిరి. మేము మాటలాడలేదు.

జీఐ పైపు అనగా తుప్పు పట్టకుండ జింకు పూత పూసిన ఇనుము. జింకు 907 సెంటిగ్రేడు డిగ్రీలకే మరిగి ఆవిరియగును. వెల్డింగు మెరుపు వేడి వేలకొలది డిగ్రీలు. ఆవిరి గాలిలో కలిసి తెల్లని పొగయై ఊపిరిలోనికి పోవును. కొన్ని గంటలు గడచిన పిమ్మట నోటిలో లోహపు రుచి, చలి, జ్వరము, ఒళ్లు నొప్పులు. ఒకటి రెండు దినములకు తగ్గును. వరుసగా పనిచేయు దినములలో శరీరము కొంత ఓర్చుకొనును. ఒక దినము సెలవు దొరకినచో ఆ ఓర్పు పోయి మరల మొదటికి వచ్చును. కావుననే ఆదివారపు విశ్రాంతి తరువాత సోమవారము రాత్రి ఈ జ్వరము పట్టును. పాశ్చాత్య దేశముల కార్మికులు దీనిని సోమవారపు జ్వరమనియే పిలిచిరి. మేము త్రాగుడని నిందించినది, మేము తెప్పించిన పైపునుండి, మేము వేయించిన తలుపుల వెనుక పుట్టిన జ్వరము.

మరునాడు ఉదయము మేస్త్రిని కూర్చుండబెట్టి మా మాటకు క్షమింపుమని అడిగితిమి. అతడు నవ్వి, "జీఐ పైపు కాలిస్తే గట్లనే అయితది సారు, మాకు ఎరుకే. బెల్లం తింటే పోతది" అనెను. బెల్లము కడుపులోనికి పోవును, పొగ ఊపిరితిత్తులలోనికి పోవును. రెండును కలియవని చెప్పితిమి. ఈ పొగ జ్వరముతోనే పోవునది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంఘము 2017లో వెల్డింగు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతిలో చేర్చినది.

తరువాత ముఖకవచము ఏల వాడవని అడిగితిమి. పామరత్వమే కారణమని మా ఊహ. అతడు చెప్పినది వేరు. "చేతి అద్దం పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతది సారు. ఒక చేతిల హోల్డరు. ఇగ పైపు ఎవరు పట్టాలె? నల్లద్దంల నుంచి చూస్తే నిప్పు ముట్టేదాక ఏం కనబడది." ఎన్నేండ్లుగానో సంస్కరణను గూర్చి వ్యాసములు చదివిన మాకు ఈ ప్రశ్న అడుగవలెనని ఎన్నడును తోచలేదు. పనివాని మూఢత్వమని మనము తలచునది తరచుగా పరికరము యొక్క లోపము. ఇప్పుడు తలకు తొడుగుకొను హెల్మెట్లున్నవి. వాని అద్దము మామూలుగా తేలికగా నుండి, మెరుపు పుట్టిన రెప్పపాటులో తానే నల్లబడును. రెండు చేతులును పనికి మిగులును. మేము రెండు హెల్మెట్లు, రెండు జతల తోలు గ్లవుజులు కొని ఇచ్చితిమి. వాని వెల గేటు వెలతో పోల్చగా స్వల్పము.

గృహస్థు తన ఇంట వెల్డింగు జరుగునపుడు చూడదగినవి మరికొన్ని కలవు. పైపు పూతను అతుకు చోట ముందుగా గీకివేయవలెను. పని ఆరుబయట జరుగవలెను. తల పొగకు ప్రక్కగా నుండవలెను. నూలు బట్టలు కట్టుకొనవలెను. పాలిస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. యంత్రమునందు రాడ్డు ముట్టింపకమునుపు సుమారు 80 వోల్టులుండును. పొడి చేతికి అది అంతగా తెలియకపోయినను, చెమటపట్టిన చేతికిని తడిసిన నేలకును ప్రాణాంతకము కావచ్చును. కావున వానలో పని వలదు, చినిగిన తీగ వలదు, రబ్బరు చెప్పులకు మారుగా బూట్లుండవలెను. ఎర్తు తీగను అతుకుచున్న ఇనుమునకే తగిలింపవలెను గాని నీళ్ల గొట్టమునకు కాదు. ఖాళీ డీజిలు పీపాను ఎన్నడును అతుకరాదు. ఖాళీ యనుకొన్న పీపాలో ఆవిరి మిగిలియుండును.

నిప్పురవ్వ ఎంత దూరము పోవునో కంటికి తెలియదు. 1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ విమానాశ్రయమున, పైనున్న రోడ్డు మీద వెల్డింగు చేయుచుండగా కరగిన లోహము క్రిందికి జారి, కప్పులోని నురుగు పలకలకు అంటుకొని 17 మంది మరణించిరి. మన నగరముననే నాంపల్లి బజార్‌ఘాటులో 2023 నవంబరు 13న, నివాసపు కట్టడపు నేల అంతస్తున నిలువచేసిన రసాయనపు పీపాలు అంటుకొని పలువురు మరణించిరి. నిప్పురవ్వయు, పీపాయు ఒకచోట కలియకుండుటయే జాగ్రత్తకు మూలము. పని ముగిసిన తరువాత గంటసేపు ఒకరు ఆ చోటనే కావలి యుండుట మంచిది.

దీనికి ప్రభుత్వము లేదా యని కొందరడుగవచ్చును. 1948 నాటి కర్మాగారముల చట్టము 35వ సెక్షనులో కన్నుల రక్షణకై తెరలును కళ్లద్దములును ఉండవలెనని విధించినది. కాని అది విద్యుత్తు వాడు చోట పదిమంది పనివారున్నప్పుడే వర్తించెడిది. 2020 నాటి క్రొత్త శాసనము ఆ సంఖ్యను ఇరువదికి పెంచినది. మన వీధి దుకాణములో ఇద్దరుందురు, ముగ్గురుందురు. అచ్చటికి తనిఖీ అధికారి రాడు. వచ్చి నిలుచుండువాడు బేరమాడు గృహస్థుడే. కావున ఆ అధికారము, ఆ బాధ్యత, కోరినను కోరకున్నను మనవే.

మా గేటు నిలిచినది. రెయిలింగు మీద చేయి వేసి మేము ప్రతి దినము మేడ ఎక్కుదుము. మొన్న ఆ దుకాణము ముందుగా పోవుచు చూచితిమి. కుర్రవాడు హెల్మెటు పెట్టుకొని యుండెను. మేస్త్రిది ప్రక్కన కుర్చీ మీద నుండెను. అతడు పాత చలువ కళ్లద్దములతోనే ఒక చిన్న అతుకు వేయుచుండెను. మమ్ము చూచి తొందరగా హెల్మెటు తీసి తలకు తగిలించుకొనెను. ఇరువదేండ్ల అలవాటు ఒక్క వేసవిలో పోదు. మేమును అతనిని త్రాగుబోతనుటకు ఒక్క క్షణమే పట్టినది. ఆ అలవాటు మాకెన్ని ఏండ్లదో లెక్కించుకొనుచు ఇల్లు చేరితిమి.