చినారు నీడ, దేవదారు నీడ

అక్టోబరు నెలాఖరున శ్రీనగరం చేరిన యాత్రికునికి దాల్ సరస్సు తూర్పు గట్టున ఒక వింత దృశ్యం ఎదురవుతుంది. పన్నెండు మెట్లుగా సరస్సు వైపు దిగిపోయే నిషాత్ బాగ్ ఉద్యానంలో పై మెట్టు మీద నిలిచి చూస్తే, ప్రకృతిలో సగం నిప్పంటుకున్నట్లూ, తక్కిన సగం ఆ సంగతే ఎరుగనట్లూ తోస్తుంది. ఆకులు ఎర్రబడి, రాగిరంగు తిరిగి, గాలి వీచినప్పుడల్లా గుప్పెళ్ళ కొద్దీ రాల్చుకునేవి చినారులు. వెనుక జబర్వాన్ కొండవాలుల మీద నిన్న ఎలా ఉన్నాయో నేడూ అలాగే, నలుపు కలిసిన పచ్చదనంతో నిలిచి ఉన్నవి సూదుల వంటి ఆకులు గల చెట్లు. దేవదారు ఆ జాతికి పెద్ద దిక్కు.

యాత్రికుడు ఫొటో తీసుకుని వెళ్ళిపోతాడు. ఊరి చివర చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకుని, పెరట్లో ఒకే ఒక పెద్ద చెట్టుకు చోటు మిగుల్చుకున్న శ్రీనగర గృహస్థునికి మాత్రం ఇది కేవలం కన్నులపండువ కాదు. చినారు నాటాలా, దేవదారు నాటాలా? రెండూ నాటినవాని కంటే, అతని మనుమని కంటే ఎక్కువ కాలం బ్రతికే చెట్లే. పొరపాటు జరిగితే అనుభవించవలసినవారు ఇంకా పుట్టనివారు.

మొగలులకు ఈ చిక్కు లేదు. వారికి స్థలం కొదవ కాదు. జహంగీరు కాలంలో 1619లో షాలిమార్ తోటకు శ్రీకారం జరిగింది. నూర్జహాన్ సోదరుడు ఆసఫ్ ఖాన్ 1633లో నిషాత్ నిర్మించాడు. పారశీక ఉద్యాన సంప్రదాయంలో నిత్యం పచ్చగా ఉండే సైప్రస్ చెట్టును శాశ్వతత్వానికీ, దాని పక్కన పూసి రాలే పండ్లచెట్టును మారుతూ మళ్ళీ చిగిర్చే జీవితానికీ గుర్తులుగా భావించేవారు. మారనిదీ, మారేదీ పక్కపక్కన ఉంటేనే తోట నిండుతుందని వారి లెక్క. దాల్ సరస్సు నడుమ ఉన్న చిన్న ద్వీపంలో నాలుగు మూలలా నాలుగు చినారులు నాటడంలోనూ ఒక లెక్క ఉన్నదంటారు: సూర్యుడు ఏ దిక్కున ఉన్నా ద్వీపంలో ఎక్కడో ఒకచోట నీడ ఉంటుంది. నేటికీ ఆ ద్వీపం పేరు చార్ చినార్.

చినారును కాశ్మీరుకు మొగలులే తెచ్చారని తరచు వినవస్తుంది. శరత్తులో ఎర్రబారిన చెట్టును చూసి జహంగీరు 'ఇదేమి నిప్పు' అనే అర్థం వచ్చే పారశీక మాటలు పలికాడనీ, ఆ మాటలే పేరుగా స్థిరపడ్డాయనీ పడవవాళ్ళు చెప్పే కథ మరీ ఇంపైనది. కాని భాషా చరిత్ర దానిని ఒప్పుకోదు. జహంగీరు పుట్టక ముందే 'చనార్' అనే మాట పారశీకంలో ఉన్నది. మొగలులు కాశ్మీరాన్ని జయించినది 1586లో. బడ్గాం జిల్లా చత్తర్‌గాంలోని మహావృక్షాన్ని 1374లో ఒక సూఫీ సాధువు నాటాడని స్థానికుల విశ్వాసం. కాశ్మీరీలు తమ భాషలో ఈ చెట్టును 'బూని' అని పిలుచుకుంటారు. అరువు తెచ్చుకున్న చెట్టుకు అంత సొంత పేరు పెట్టుకోవడం అరుదు.

దేవదారుకు తెలుగువారికి పరిచయం అక్కరలేదు. రఘువంశం ద్వితీయ సర్గ చదువుకున్నవారికి ఆ చెట్టు కళ్ళ ముందే ఉంటుంది. నందినీ ధేనువును పట్టిన సింహం దిలీపునికి ఒక దేవదారును చూపి, శివుడు దానిని కుమారునిగా స్వీకరించాడనీ, పార్వతి దానికి నీరు పోసి పెంచిందనీ, అడవి ఏనుగు ఒకటి చెక్కిలి రాచుకోగా బెరడు లేచిపోతే ఆ తల్లి తల్లడిల్లిందనీ చెబుతుంది. ఆ చెట్టు స్వస్థానం పశ్చిమ హిమాలయాలు; సుమారు 1500 మీటర్ల ఎత్తు నుంచి 3000 మీటర్ల పైదాకా పెరుగుతుంది. పాకిస్తాన్ దానిని జాతీయ వృక్షంగా స్వీకరించింది. 1831లో ఇంగ్లండుకు విత్తనాలు చేరిన తరువాత అక్కడి దొరల తోటల్లోనూ వెలసింది. లేబ్రాయంలో గోపురంలా కొస తేలి, చివరి రెమ్మ వినయంగా వంగి ఉంటుంది. ముసలితనంలో తల చదునై, కొమ్మలు పందిళ్ళలా అడ్డంగా సాగుతాయి.

ఒక చెట్టు ఎందుకు ఆకు రాలుస్తుంది, మరొకటి ఎందుకు రాల్చదు? మన ప్రాంతాల్లో టేకు, మోదుగ, బూరుగ వంటివి ఎండలు ముదరక ముందే ఆకు రాల్చడం నీటి పొదుపు కోసం. కాశ్మీరులో పొదుపు అదే, ఋతువు వేరు. శీతకాలంలో నేల గడ్డకడితే వేళ్ళు నీరు పీల్చలేవు. అరచేయి కన్న పెద్దదైన చినారు ఆకు ఆ రోజుల్లో చెట్టుకు దుబారా ఖర్చు. అందుకే చెట్టు ఆ ఆకులో దాచినదంతా వెనక్కు లాక్కుని దానిని వదిలేస్తుంది. దేవదారు ఆకు సన్నని సూది. పైన మైనపు పూత, లోపల జిగురు. దాని ఖర్చు స్వల్పం కనుక చెట్టు దానిని కొన్నేళ్ళపాటు ఉంచుకుంటుంది. సతతహరితమంటే ఆకు రాలనే రాలదని కాదు. పాత సూదులు కొద్దికొద్దిగా, చాటుగా రాలుతూనే ఉంటాయి. మన కోస్తా తీరాన ఉండే సరుగుడు కూడా ఇటువంటిదేనని కొందరు భ్రమపడతారు. దాని సూదులు నిజానికి గణుపుల సన్నని రెమ్మలు, దాని కుటుంబం వేరు.

ఇక పెరటి లెక్క. శ్రీనగరం ఉత్తర అక్షాంశం 34 డిగ్రీల వద్ద ఉన్నది. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు; ఇరవై మీటర్ల చెట్టు నీడ నాలుగు మీటర్ల లోపే పడుతుంది. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. అదే చెట్టు నీడ ఉత్తరంగా సుమారు 31 మీటర్లు సాగుతుంది. ఆ నీడ దారిలో ఇల్లు ఉంటే, దానిపై ఎండ పడదు.

ఆ రోజునే కాశ్మీరీలు చిల్లయి కలాన్ అనే నలభై రోజుల చలి మొదలైనట్లు లెక్కిస్తారు. జనవరి 30 దాకా నీటిగొట్టాలు బిగుసుకుపోతాయి. సరస్సు అంచులు గడ్డకడతాయి. ఫిరన్ లోపల నిప్పుల కాంగడి పెట్టుకుని కిటికీ వద్ద కూర్చున్న ముసలివారికి మధ్యాహ్నపు రెండు గంటల ఎండ ఎంతో విలువైనది. ఇంటికి దక్షిణాన దేవదారు ఉంటే ఆ ఎండ ఇంటికి చేరదు. అది నీడనిచ్చేది ఎప్పుడు వద్దనుకుంటామో అప్పుడే. పైగా దాని నీడలో మంచు వారాల తరబడి కరగక, గడప ముందు నడకదారి జారుడుబండగా మారుతుంది. దక్షిణాన చినారు ఉంటే సంగతి వేరు. ఏప్రిల్‌లో చిగిర్చి, వేసవి అంతా చలువ పందిరై, సరిగ్గా ఎండ కావలసిన వేళకు తెర తొలగిస్తుంది. మోడుకొమ్మలు కూడా కొంత వెలుగును అడ్డగిస్తాయన్నది నిజమే. అయినా దేవదారుతో పోల్చతగింది కాదు.

ఉత్తరాన నాటితే తీర్పు తారుమారవుతుంది. అక్కడ చెట్టు నీడ ఇంటి మీద పడదు. చలిగాలికి అడ్డుగోడ కావాలి. ఆకులు లేని చినారు ఆ పని చేయలేదు, దేవదారు చేస్తుంది. మంచు విషయంలోనూ దానిదే పైచేయి. వంగే కొమ్మల మీద పేరుకున్న మంచు జారిపోతుంది. వెడల్పాటి ఆకుల చెట్లకు అకాలపు మంచు యమపాశమే. 2018 నవంబరు మొదటి వారంలోనూ, 2019లో మళ్ళీ అదే వారంలోనూ లోయలో భారీగా మంచు కురిసింది. ఆకులు ఇంకా రాలని ఆపిల్ చెట్లు ఆ బరువుకు నిలువునా చీలిపోయి, రైతులు ఏళ్ళ తరబడి పెంచిన తోటలు ఒక్క రాత్రిలో విరిగిపడ్డాయి. నవంబరు తొలి రోజుల్లో చినారు మీదా ఆకు ఉంటుంది.

నేల గుణం కూడా చూడాలి. చినారు నీటిని ప్రేమిస్తుంది. సరస్సు గట్టు, వాగు ఒడ్డు, లోతైన ఒండ్రు నేల దానికి పుట్టిల్లు. దేవదారుకు నీరు దిగిపోయే వాలు కావాలి, వేళ్ళ వద్ద నీరు నిలిస్తే గిట్టదు. 2014 సెప్టెంబరులో జీలం పొంగి శ్రీనగరంలో ఏ వీధులు మునిగాయో గుర్తున్నవారు ఆ పల్లపు నేలలో దేవదారు నాటే ముందు ఆగి ఆలోచిస్తారు.

ఉపయోగం మాట వస్తే రెండింటికీ పని పంపకం జరిగిపోయినట్లే కనిపిస్తుంది. దేవదారు కలప సువాసన గలది, పురుగు పట్టనిది. శ్రీనగరం జామా మసీదులో 378 దేవదారు స్తంభాలు ఉన్నాయి. దాల్ సరస్సు మీది పడవ ఇళ్ళు కూడా ఆ కలపతోనే కట్టినవి. చినారు మహిమ రాలిన ఆకులో ఉన్నది. ఎండుటాకులను కుప్పలుగా పోసి, నిప్పంటించి, పూర్తిగా బూడిద కాకుండా నీళ్ళు చిలకరిస్తే తేలికైన బొగ్గు తయారవుతుంది. శీతకాలమంతా కాంగడిలో కణకణలాడేది అదే. ఆ పొగ చలికి లోయ దాటి పోలేక ఊరి మీదనే పరుచుకుంటుందన్నది నేటి బాధ. ఊడ్చి పోగుచేసే శ్రమ ఏనాటిదో.

అయితే చినారుకు ఒక షరతు ఉన్నది. 1969లో వచ్చిన చట్టం దానిని రక్షిత వృక్షాల్లో చేర్చింది. సొంత పెరట్లో సొంత చేతితో నాటినదైనా అనుమతి లేనిదే నరకరాదు. 2025 ఆరంభానికి లోయలో ఇరవై ఎనిమిది వేలకు పైగా చినారులకు సంఖ్యలు వేసి, క్యూఆర్ కోడ్ పలకలు తగిలించారు. ఒక్కొక్క చెట్టు వయసు, కైవారం, ఆరోగ్యం దస్తరంలోకి ఎక్కాయి. ఇది మంచి పనే. కాని గోడకు మూడు గజాల దూరంలో మొక్క పాతినవారికి ఇది గుర్తుండాలి. తన ఆత్మకథలో జహంగీరు, ఐదు జీను గుర్రాలతో కలిసి తానూ గుర్రం మీదనే ఒక చినారు తొర్రలోకి ప్రవేశించిన సంగతి రాసుకున్నాడు. నడుమ కాలిపోయినా బెరడు పక్కన ఉండే సజీవమైన పొరతో నిలిచే చెట్టు అది. అంతటి కాండానికి మూడు గజాలు ఏమూలకు?

వెడల్పున్న దక్షిణపు పెరడు ఉన్నవారు చినారు నాటవచ్చు. ఇరుకు పెరడైతే రెండింటినీ మానుకుని, ఆకు రాల్చే చిన్న పండ్లచెట్టు ఏదైనా నాటుకోవడం వివేకం. ఉత్తరాన ఎత్తైన, నీరు నిలవని జాగా ఉంటే దేవదారును మించినది లేదు. రెండు వైపులా స్థలం ఉన్న అదృష్టవంతులు మొగలుల మార్గాన్నే పట్టవచ్చు.

మార్చిలో మంచు కరిగి నేల మెత్తబడగానే నాటే పని మొదలవుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన రెండు మొక్కలూ ఒక చేత పట్టుకోదగినంతే ఉంటాయి. చినారుది ఆకు లేని పుల్ల. దేవదారుది వంగిన కొస గల చిన్న కుచ్చు. గృహస్థుడు గునపం పట్టి గోడ నుంచి అడుగులు లెక్కపెడుతూ వెళతాడు. పన్నెండు దగ్గర ఆగి, కిటికీ వైపు ఒకసారి తిరిగి చూసి, మరి నాలుగు అడుగులు వేస్తాడు.