అవ్వ వేసిన కవరు

దేవుడికి థాంక్స్ చెప్పుకోవడంలో మా చర్చివాళ్ళని మించినవాళ్ళు లేరు. పిల్లాడు ఇంటరు గట్టెక్కితే ఒక కవరు, కోడలు నీళ్ళోసుకుంటే ఒక కవరు, బోరులో నీళ్ళు పడితే ఒక కవరు. లోపల శక్తికొద్దీ డబ్బు, పైన ఎందుకోసమో ఒక్క ముక్క రాసి కానుకల సంచిలో వేస్తారు. అయ్యగారు వాటిని పైకి చదువుతారు. ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు. నేనైతే ప్రసంగం కన్నా దీన్నే శ్రద్ధగా వింటాను. (మావారితో అనకండి.)

2021లో ఆగస్టు 15 ఆదివారంనాడే వచ్చింది. కరోనా రోజులు. అందరం ముక్కూ నోరూ కట్టుకొని కూర్చున్నాం. అయ్యగారు ఒక కవరు తీసి, కళ్ళద్దాలు సవరించుకొని, "స్వతంత్రం కోసం, 101 రూపాయలు" అని చదివారు. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. మా అవ్వ మాత్రం తొణకలేదు, బెణకలేదు.

ఇంటికొచ్చాక, "74 ఏళ్ళనాటి సంగతికి ఇప్పుడు కానుకెందుకవ్వా?" అన్నాను.

"సద్ది సంగటైనా ప్రార్థన చేసే కదమ్మే తింటాం!" అంది.

స్వతంత్రం వచ్చేనాటికి అవ్వకి పన్నెండేళ్ళు, మదనపల్లెలో ఉండేవాళ్ళు. అంతకుముందు ప్రార్థనలో లండను రాజును కాపాడమని అడిగేవాళ్ళట. "ఆయనెవరో మనకు తెలీదు, మనమెవరో ఆయనకు తెలీదు. ఒకరోజు నెహ్రూ పేరు చెప్పి ప్రార్థన చేసినారు. మనోళ్ళ పేరు గుళ్ళో వినబడేసరికి మా నాయన పైగుడ్డ నోట్లో కుక్కుకొని ఏడ్చినాడు." దేశానికి స్వతంత్రం వచ్చిన ఆరు వారాలకే, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లూ మెథడిస్టులూ మరికొందరూ తమ తమ హద్దులు చెరుపుకొని ఒక్కటయ్యారు. ఏ దొరల మిషను తాలూకు వాళ్ళమో చెప్పుకొనే అవసరం మా పెద్దలకు అప్పటితో తీరిపోయింది.

మా తాత తర్వాతి రోజుల్లో ఆరోగ్యవరంలో కాంపౌండరు. మదనపల్లె పక్కనే ఉన్న ఆ క్షయ ఆస్పత్రిని అనేక మిషన్లు కలిసి కట్టాయి. 1915లో తెరిచారు. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమొట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. క్షయ అంటే కన్నవాళ్ళే కంచం వేరుచేసే కాలం అది. మన దేశంలో 1948లో బి.సి.జి. టీకా మొదలైన చోట్లలో మదనపల్లె కూడా ఒకటి. మన పిల్లల భుజంమీది చిన్న మచ్చకు మన జిల్లాతో అంత చుట్టరికముంది. అవ్వకు మాత్రం ఈ సన్, తారీఖులు పట్టవు. "స్వతంత్రం వచ్చిందని దగ్గు పోతుందా? ఎవరో ఒకరు కఫం గిన్నెలు కడగాల గదా!" అంటుంది. ఆ గిన్నెలు కడిగినవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అవ్వకు నలుగురి పేర్లు గుర్తున్నాయి. ప్రార్థనలో ఇప్పటికీ చెబుతుంది.

ఆ వరసలోనే చివర మా తమ్ముడి పేరు కూడా. వాడు సైన్యంలో ఉన్నాడు.

పక్కింటి పెద్దమ్మ వైష్ణవులావిడ, చాలా మంచిది. మేం తిరుపతిలో కాపురం పెట్టిన కొత్తలో, "మీవాళ్ళు గూడా పట్టాళంలో చేరతారామ్మా?" అని అడిగింది. "మీవాళ్ళు" అనే మాట ములుకులా గుచ్చుకుంది. ఈ ఊళ్ళో లూథరన్ మిషన్ బడిలో చదువుకొన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1962లో రాష్ట్రపతి అయి, త్రివిధ దళాలకూ అధిపతి కాలేదా అందామనుకున్నాను. ఆయన హిందువు గదా, జవాబు అతకదని ఊరుకున్నాను.

ఆ ఏడే డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టరు కూలి, జనరల్ బిపిన్ రావత్ తోపాటు మన కురబలకోట మండలపు లాన్స్ నాయక్ సాయితేజ కూడా పోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. తమ్ముడు ఎక్కడో వేరే చోట ఉన్నాడని తెలుసు. అయినా ఫోను మోగితే అమ్మ ఎత్తేది కాదు, నన్నే ఎత్తమనేది.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ వచ్చింది. చేతిలో పసుపుగుడ్డ మూట. "మీరు ఏమీ అనుకోవద్దు. మీవాడు చల్లగా ఇల్లు చేరాలని వెంకన్నకు ముడుపు కట్టినా. చెప్పకుండా ఉంటే నాకు తోచలేదు" అంది.

నేను అమ్మ మొహం చూశాను. అవ్వ మొహం చూడడానికి ధైర్యం చాల్లేదు. అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు అందిస్తూ, "కొండకు ఒంటరిగా ఎట్లా పోతారు? వాడు లీవులో వచ్చినప్పుడు బయల్దేరండి. బస్సు ఎక్కిస్తాడు" అంది.

"మోకాళ్ళ నొప్పులు గదా, మెట్లదారి పట్టొద్దు" అని మంచంమీంచి అవ్వ కేకేసింది.

వాడు మే నెలలో వచ్చాడు. ఎండలో ఆవిడ సంచీ, చెంబూ మోసుకొని, వరసలో నిలబడి, కిటికీ పక్కన సీటు పట్టి మరీ కూర్చోబెట్టి వచ్చాడు.