బడికొచ్చిన పిల్లలకు లెక్కల సారు

మా వేల్పూర్ మండలం పేరు 2001లో అందరి నోటా వినపడింది. అప్పటి నిజామాబాద్ కలెక్టర్ జి. అశోక్ కుమార్ పూనుకుంటే ఊళ్లూ కదిలాయి. వంద రోజుల పాటు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడిలో చేర్చారు. అక్టోబర్ 2న బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. పిల్లల్ని పనిలో పెట్టుకున్నవాళ్లు వాళ్ల తల్లిదండ్రులకిచ్చిన అప్పులు కూడా వదులుకున్నారు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. పసుపు చేలల్లోంచి, బీడీల చాటల ముందు నుంచి లేచి కొందరు బ్రిడ్జి కోర్సు చదివి మా బడికి వచ్చారు. ఇరవై అయిదేసి బీడీలు కట్టలు కట్టిన చేతులు అవి, నోటి లెక్కలో వాళ్లను మించినవాళ్లు మా క్లాసులో లేరు. బీజగణితం మొదలయ్యాక మాత్రం ఒక్కొక్కరూ వెనకబడ్డారు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులు సరిగ్గా పరీక్షల ముందే వస్తాయి. చదువు అర్థంకాని పిల్లను చేను ఇట్టే పిలుచుకుంటుంది.

లెక్కల టీచర్ కావాలన్న కోరిక నాకు అక్కడే పుట్టింది. నిజామాబాద్‌లో బీఈడీ చేశాను. అప్పుడది ఏడాది చదువు. లెసన్ ప్లాన్లు, చార్టులు, రికార్డులు పూర్తిచేస్తే చాలా వరకు కోర్సు అయిపోయినట్టే. పెళ్లయ్యాక పెన్సిల్వేనియా వచ్చాను. ఇక్కడ పౌరసత్వం లేనివాళ్లకు టీచర్ సర్టిఫికెట్ దొరకడం కష్టంగా ఉండేది. 2023లో వచ్చిన చట్టం వర్క్ పర్మిట్ ఉన్నవాళ్లకూ దారి తెరిచింది. అప్పుడు ఇంటికి దగ్గరలోని ఒక చిన్న కాలేజీలో చేరాను. హైస్కూల్ లెక్కల బ్యాచ్‌లో మేం గుప్పెడు మందిమి. ఎవరి పాఠం ఎక్కడ కుంటుపడిందో మా ప్రొఫెసర్‌కు పేరుపేరునా తెలుసు.

ఆవిడ మొదట ఇచ్చిన పని పాఠం చెప్పడం కాదు, తప్పు చదవడం. ఒక పిల్లవాడు (ఎ+బి) వర్గం అంటే ఎ వర్గం ప్లస్ బి వర్గం అని రాశాడు. వాడు అలా ఎందుకు అనుకున్నాడో చెప్పమంది. మూడును (ఎ+బి)తో గుణిస్తే 3ఎ+3బి వస్తుందని వాడికి తెలుసు. ఒకచోట నిజమైన సూత్రాన్ని ఇంకోచోటికి మోసుకొచ్చాడు, అంతే. సూత్రం పదిసార్లు రాయిస్తే ఆ ఆలోచన పోదు. ఎ+బి భుజంగా చతురస్రం గీసి నాలుగు మడులుగా కోసి చూపిస్తే, వదిలేసిన రెండు ‘ఎబి’ మడులు వాడి కంటికే కనిపిస్తాయి. మా ఊరి పిల్లలకైతే గట్లు వేసి పసుపు మడిలోనే చూపించవచ్చు! స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు లీ షుల్మన్ 1986లో రాసింది ఇదే: విషయం తెలియడం వేరు, బోధనా పద్ధతి తెలియడం వేరు, ఆ విషయాన్ని పిల్లవాడికి అందేలా మలచడం ఈ రెంటికీ మించిన మూడో జ్ఞానం. నాకు అన్నేళ్లుగా కావాల్సింది ఆ మూడోదే.

పెన్సిల్వేనియాలో టీచర్ కావాలంటే కనీసం 12 వారాలు బడిలో పూర్తిస్థాయి శిక్షణ ఉండాలి. అర్హులైన శిక్షణ విద్యార్థులకు 10 వేల డాలర్లు, పక్కన ఉండి నేర్పే టీచర్‌కు 2,500 డాలర్లు ఇచ్చే పథకాన్ని కూడా ఆ 2023 చట్టమే తెచ్చింది. మన దగ్గర 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, ఇంటర్న్‌షిప్ 16 వారాలు. కాగితం మీద మనదే ఎక్కువ. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో 2,629 స్కూల్ అసిస్టెంట్‌వి. అంటే సబ్జెక్టు టీచర్లవి. చదువుకున్నవాళ్లకు మనకు కొదవ లేదు. వాళ్ల పక్కన కూర్చుని, ‘ఈ పిల్ల ఎందుకిలా రాసిందో చెప్పు’ అని అడిగే మనిషే కావాలి.

ఆ మనిషి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇప్పటికే ఉంది. ఇరవై ఏళ్లుగా తొమ్మిదో తరగతికి బీజగణితం చెబుతున్న టీచరమ్మే ఆమె. బీఈడీ కాలేజీలు తమ విద్యార్థుల్ని సంతకాల కోసం కాక ఆమె దగ్గర నేర్చుకోవడానికి పంపాలి. అందుకు ఆమెకు పీరియడ్లు తగ్గించాలి, జీతం మీద కొంత ఇవ్వాలి. పసుపు తవ్వే నెలల్లోనే ఆ ఇంటర్న్‌షిప్ పెడితే, చేలకు జారిపోయే పిల్లల దగ్గర కూర్చోవడానికి మా మండలం బడుల్లో ఇంకో లెక్కల టీచర్ దొరుకుతుంది.