చెంచు నాటకము రాసిన తల్లి



పోయిన ఆదివారం తెలుగు మేడమ్ మమ్ములను ఎల్బీనగర్ హాస్టల్ నుండి దిల్‌సుఖ్‌నగర్ తీసుకపోయింది. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతరు. అందరూ గైడ్లు చూస్తుంటే నేను తెలుగు కవయిత్రుల పుస్తకం ఒకటి తిప్పిన. అందులో 'చెంచు నాటకము' అని కనబడ్డది. మేము చెంచులము కదా, నా గుండె ఝల్లుమన్నది. ఇరవై రూపాయలు పెట్టి మేడమే కొనిచ్చింది.

ఆ నాటకం రాసినది తరిగొండ వెంగమాంబ. ఆమె 1730లో చిత్తూరు సీమలోని తరిగొండ గ్రామంలో పుట్టినది. ఆ ఊరి దేవుడు లక్ష్మీనరసింహస్వామి. చిన్నతనంలోనే పెళ్లి చేసినారు. భర్త చనిపోయినాడు. ఆ కాలంలో భర్త పోతే ఆడవాళ్లకు గుండు చేయించేవారు. ఆమె దానికి ఒప్పుకోలేదని చెప్తారు. తర్వాత తిరుమల కొండకు పోయి, అక్కడనే ఉండి, 1817లో అక్కడనే చనిపోయింది. కావ్యాలే గాక శివ నాటకము, చెంచు నాటకము వంటి యక్షగానాలు కూడా రాసింది. యక్షగానమంటే పాటలు పాడుతూ ఆడే నాటకం. చూసేటందుకు చదువు రానక్కర లేదు. ఇప్పుడు తిరుమలలో భక్తులకు అన్నం పెట్టే పెద్ద భవనానికి ఆమె పేరే పెట్టినారు.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే ఉన్నది. చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలు కూడా నేర్వలేదని ఆమే తన కావ్యంలో చెప్పుకున్నది. మా ఇంట్లో ఓనమాలు దిద్దినదాన్ని నేనే మొదలు.

మా అవ్వ చెంచులక్ష్మి పాట పాడుతది. నరసింహస్వామి మన పిల్లను చేసుకున్నడు, మనకు అల్లుడు అంటది. అవ్వ పాట ఎవరూ రాసిపెట్టలేదు.

దసరాకు ఇంటికి పోతే నాయన పెళ్లిమాట ఎత్తిండు. సంబంధం మంచిది, పది దాకా ఎందుకు అన్నడు. నేను ఏడ్చిన గాని ఎదురు చెప్పలే. సంక్రాంతికి పోయినప్పుడు ఈ పుస్తకం నాయనకు చదివి వినిపిస్త. అవ్వ పాట నోటుబుక్కులో రాసుకొస్త.

వార్డెన్ మేడమ్ గారూ, నన్ను తీసుకపోను నాయన వచ్చినప్పుడు మీరు కూడా ఒక మాట చెప్పండి. మీ రూము దాకా రెండుసార్లు వచ్చిన, నోరు పెగలలేదు. అందుకే ఇక్కడ రాసిన.

తప్పులుంటే మన్నించగలరు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని