మోషన్ ఎలా వస్తోంది?

నవ్వుకోండి, ఫరవాలేదు. ఈసారి నా టాపిక్ పిల్లల మలబద్ధకం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దానికోసం రాసే ఇఫ్-ఎల్స్.

మెడికల్ ఏఐ అనగానే మనవాళ్లకి ఎక్స్‌రేలు, న్యూరల్ నెట్‌వర్కులు గుర్తొస్తాయి. నాకు మాత్రం చికా అనే పాత సిస్టమ్ తెగ నచ్చింది. అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో పిల్లల క్లినిక్‌లో 2004లో మొదలైంది. డాక్టర్ని కలవకముందే, వెయిటింగ్ రూములో, తల్లిదండ్రుల చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో 20 అవును-కాదు ప్రశ్నలు. ఏ ఇరవై అడగాలో పిల్లాడి వయసు, పాత రికార్డు చూసి ప్రోగ్రామే ఎంచుకుంటుంది. నింపిన కాగితం స్కాన్ చేస్తే డాక్టరుగారి షీటు మీద 6 సూచనల దాకా ప్రింటవుతాయి. లోపల ఎన్ని రూల్సున్నా బయటికొచ్చేవి ఆరే! డాక్టరు దగ్గరుండే టైమే అంత మరి. తర్వాత కాగితం పోయి ట్యాబ్‌లెట్లొచ్చాయి.

ఈ పద్ధతికి మలబద్ధకం అచ్చంగా సరిపోతుంది. వారానికి రెండుసార్లు, లేదా అంతకన్నా తక్కువ వెళ్లడం, గట్టిగా నొప్పితో రావడం, బిగబట్టుకోవడం... రోమ్ ప్రమాణాల్లో ఇలాంటివే ఉంటాయి. చాలామంది పిల్లలకి స్కానింగులక్కర్లేదు, సరిగ్గా అడిగితే చాలు.

చిక్కంతా ఆ అడగడంలోనే. లోపల మలం గట్టిపడి పేరుకుపోతే, దాని పక్కనుంచి పల్చగా కారి చెడ్డీ పాడవుతుంది. అమ్మ "లూజ్ మోషన్సండీ" అని చెప్తుంది. అది విని మోషన్లు ఆగే మందిస్తే ఇంకా బిగుసుకుంటుంది.

మా పిన్ని కొడుక్కి ఇదే జరిగింది. రెండో తరగతి. వాళ్ల స్కూల్ బాత్రూంకి గడియ లేదు, వాడు వెళ్లేవాడు కాదు. చెడ్డీ పాడైనప్పుడల్లా ఇంట్లో తిట్లు, ఒకట్రెండుసార్లు దెబ్బలు కూడా. క్లాసులో పెట్టిన పేరు ఇక్కడ రాయను. వాడికేమో అది వస్తున్నట్టే తెలిసేది కాదు. చివరికి ఒక డాక్టరమ్మ "ఇది మొదలవకముందు ఎన్నాళ్లకోసారి వెళ్లేవాడు?" అని అడిగింది. అంతే, కథ మారిపోయింది. నీళ్లలో కలిపే పౌడరు, బరువుని బట్టి డోసు. తగ్గిందనిపించగానే మానేయకూడదు, కనీసం రెండు నెలలు వాడాలి. పిన్ని పది రోజులకే ఆపబోయింది! ఇలాంటిచోట గుర్తుచేయడానికి డాక్టరు జ్ఞాపకశక్తి కన్నా ఒక చిన్న రూలే నయం.

చికా కాగితానికి ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు స్పానిష్ ఉండేవి. మన దగ్గరైతే? "మలవిసర్జన క్రమబద్ధంగా ఉన్నదా" అని అచ్చేస్తే పిన్ని కచ్చితంగా "అవును" మీద టిక్కు పెట్టేసి టీవీ చూస్తుంది. దొడ్డికి, బయటికి, రెండుకి, మోషన్‌కి: ఊరు మారితే మాట మారుతుంది. "స్కూల్లో వెళ్తాడా, ఇంటికొచ్చేదాకా ఆపుకుంటాడా?" అన్న ప్రశ్న అమ్మని కాదు, పిల్లాణ్ణే అడగాలి, అదీ పక్కన ఎవరూ లేనప్పుడు.

మినీ ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నాం. కోడ్ రెండ్రోజుల్లో అయిపోయింది. ప్రశ్నల కాగితం మాత్రం ఇంకా దిద్దుతూనే ఉన్నాం. మీ ఊళ్లో ఏమంటారో చెప్పండి, సిగ్గుపడకుండా.