సీతంపేట కొండదారిలో జాఫరా

విజయనగరంలో మా పెరట్లో ఒక మొక్క వుంది. వీధిలోవాళ్ళంతా వచ్చి చూస్తారుగాని దాని పేరు ఒక్కరూ చెప్పలేరు. లేత గులాబీరంగు పువ్వులు చూసి కొందరు అడవిగులాబి అన్నారు. పువ్వులు రాలి, కొమ్మల చివర మెత్తని ముళ్ళతో ఎర్రని కాయలు గుత్తులుగా నిలిచేసరికి, "ఇది ఆముదమే సుమండీ!" అని పొరుగింటి పెద్దాయన తేల్చేశారు. ఆయనను తప్పుపట్టలేం. పై చూపుకు కాయ అలాగే వుంటుంది.

దీని పేరు జాఫరా. ఇది మా ఇంటికి చేరిన కథ చెబుతాను.

నాలుగేళ్ళ క్రితం మాఘమాసంలో పెళ్ళికని పాలకొండ వెళ్ళాం. మరునాడు పిల్లలు కొండలు చూస్తామని పట్టుబడితే సీతంపేట బస్సెక్కాం. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలోని ఈ మన్యం 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో వుంది. సవరలు, జాతాపులు వుండే చోటు. కొండవాలున జీడిమామిడి, అనాస, పసుపు తోటలు. ఒక ఊరి దగ్గర దిగి నడుస్తూవుంటే, కంచె పొడుగునా ఎర్రగా మెరిసిపోతూ ఈ చెట్లు కనిపించాయి.

మా ఆవిడ ఒక కాయ పట్టుకుని, "కూర చేసుకుంటారా?" అని అడిగింది. చేట ముందు పెట్టుకు కూర్చున్న సవర ముసలామె నవ్వింది.

"తినీది కాదమ్మా, రంగు కాయ."

ఎండిన కాయను రెండు చెక్కలుగా విప్పి, పచ్చిగా వున్న మరొకదానిలోని గింజలు మా అమ్మాయి అరచేతిలో నలిపింది. చెయ్యి గోరింటాకు పెట్టుకున్నట్లు పండింది! పిల్ల ఎగిరి గంతేసింది.

ముసలామె ముఖంలో మాత్రం ఆ సంతోషం లేదు. ఇంట్లో నుంచి ఒక మూట తెచ్చి చూపించింది. నిరుటి గింజలు. బేరం కుదరక నిలవపడ్డాయట. ఎరుపు పోయి మట్టిరంగుకు తిరిగాయి.

"రంగుంటేనే డబ్బులు బాబూ. ఎలిసిపోతే సేటలోనే వుండిపోతాది," అంది.

ఆ మాటలోని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

జాఫరా పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతం. అక్కడి ఆదివాసులు ఈ ఎరుపును ఒంటికి పూసుకునేవారు. అమెజాన్ నది పొడుగునా 1541–42లో ప్రయాణించిన ఒరెల్లానా పేరు మీద శాస్త్రజ్ఞులు దీనిని బిక్సా ఒరెల్లానా అన్నారు. గింజ మీది పలచని పొరలో బిక్సిన్ అనే రంగు వుంటుంది. వెన్నకు, జున్నుకు పసుపు, నారింజ వన్నె తెచ్చేది అదే. ఫిలిప్పైన్స్‌లో గింజలను నూనెలో వెచ్చచేసి ఆ నూనెతో వంట చేస్తారు. అయితే బిక్సిన్‌కు వెలుతురు గిట్టదు. వెలుగూ, గాలీ తగిలినకొద్దీ వెలిసిపోతుంది.

పెంపకం కష్టం కాదు. కొత్త గింజలను ఒక రాత్రి నానబెట్టి మట్టికుండీలో చల్లాలి. ముదురు గింజలు మొలవడం అంతంతమాత్రం. మొక్క జానెడయ్యాక ఎండ బాగా తగిలేచోట, నీరు నిలవని నేలలో నాటాలి. చెట్టుకూ చెట్టుకూ పది పన్నెండడుగుల ఎడం వుండాలి. రెండు మూడేళ్ళకు పూస్తుంది. పూత కొత్త చిగుళ్ళ చివరే వస్తుంది కనుక, కాయ కోశాక కొమ్మలు కత్తిరిస్తే మరుసటేడు గుబురుగా పూస్తుంది. ఎండిన కాయలు చెట్టుమీదనే పగిలి గింజ రాలక ముందే కోసుకోవాలి.

నిరుడు మా చెట్టు మొదటి కాపు కాసింది. శేరుకు కాస్త తక్కువగా గింజలు వచ్చాయి. చుట్టాలకు చూపించుకోవాలని గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టాను. వేసవి వెళ్ళేసరికి అవి ఆ ముసలామె మూటలో గింజల్లా మట్టిరంగుకు తిరిగాయి.

నాకు పోయింది ఒక సీసా ముచ్చట. ఆమెకు పోయింది ఏడాది పంట. కొండమీది పంటకు కావలసింది మంచి ధర ఒక్కటే కాదు, రంగు వుండగానే కొనే మనిషి కూడా అని ఆ సీసా చూశాక నాకు తెలిసింది.

ఈ యేటి గింజలు నీడన ఆరబెట్టి, మూతవున్న డబ్బాలో పోసి చీకటి అలమరలో దాచాను. మాఘంలో మళ్ళీ సీతంపేట వెళ్ళాలి. ఈసారి పెళ్ళి లేకపోయినా సరే.