పది మందిల ఎవరు తినలేదు?



ఈసారి డిగ్రీల చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది "అన్నా, ఎన్‌సీసీల ఏం నేర్పిస్తరు, చేరితే ఏమొస్తది" అని అడుగుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పుడు కంటే ఒక్కసారి రాస్తే నయమనిపించింది. గని నిజంగ రాయాలంటే నేను చేసిన ఒక తప్పు కాడినుంచే మొదలుపెట్టాలె.

మాది దేవరకొండ దిక్కు తండా. యాడి, బా మేడ్చల్ కాడికి బిల్డింగుల పనికొచ్చిన్రు, నేను ఇక్కడనే హాస్టల్ల ఉండి చదివిన. హకీంపేట నుంచి లేచే ట్రైనింగ్ విమానాలు మా మీదికెళ్లే పోతుండె. అవి చూసే పేరిచ్చిన, అంతకంటే పెద్ద కారణం ఏం లేదు.

రెండో ఏడు పది రోజుల క్యాంపు శామీర్‌పేట దిక్కు పడ్డది. మొదటిరోజే బియ్యం బస్తాలు దించడానికి మనిషిని వెతికినప్పుడు "తండా పిల్లలు ఉన్నరు కదా, వాళ్లు గట్టోళ్లు" అన్నరు. దించినం. ఆ మాట నాకు లోపల కుచ్చుకున్నది, గుర్తుపెట్టుకోండి, మళ్లా వస్తది.

నా గొంతు పెద్దది. నేను "సావధాన్" అంటే పక్క గ్రౌండ్ల ఉన్నోళ్లు కూడా నిలబడుతరని ఉస్తాద్ నవ్వేటోడు. (ఆర్మీ నుంచి వచ్చి నేర్పించే హవల్దార్‌ను అందరం ఉస్తాద్ అనే అంటం.) ఆ గొంతు చూసే నన్ను సెక్షన్ కమాండర్‌ను చేసిన్రనుకుంట. సెక్షన్ అంటే పది మంది. మూడు సెక్షన్లు ఒక ప్లాటూన్, మూడు ప్లాటూన్లు ఒక కంపెనీ. మొత్తం ఫౌజుల ఒక మనిషి ముఖం చూసి, పేరు పెట్టి పిలిచి నడిపించే లెక్క ఈ పది మందిదే.

నాలుగో రోజు మ్యాప్ రీడింగ్. చేతికి ఒక మ్యాప్ ముక్క, ఒక కంపాస్, చీటీ మీద ఆరు అంకెలు. మ్యాప్ 1:50,000 స్కేల్ది, అంటే మ్యాప్ మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటర్. ఆరు అంకెల్ల మొదటి మూడు ఈస్టింగ్, అడ్డంగ చదవాలె. వెనుక మూడు నార్తింగ్, పైకి చదవాలె. సరిగ్గ చదివితే 100 మీటర్ల లోపల జాగ దొరుకుతది. క్లాసుల ఇది నేనే నలుగురికి చెప్పిన. అక్కడ నిలబడి మాత్రం తిప్పి చదివిన. తప్పు జాగ కూడా ఆ ముక్క మీదనే ఉండె, అందుకే అనుమానం రాలేదు.

"తేజ్ చల్" అన్న. నీలగిరి చెట్లు దాటినం, రాళ్లగుట్ట దాటినం. ఉట్నూరు దిక్కు గోండు తమ్ముడు ఒకడు ఫస్టియర్ల ఉండె, సన్నగ, మాట్లాడుడే తక్కువ. మెల్లగ వచ్చి, "అన్నా, చెరువు మనకు కుడిదిక్కు ఉండాలె కదా, ఎడమకు వస్తున్నది" అన్నడు. పసులెంట అడివిల తిరిగిన పిల్లగాడు, పొద్దును చూసి దిక్కు చెప్తడు, కంపాస్ వానికి చుట్టమసొంటిది. నేనేమన్న? "లైన్ల నడువు" అన్న.

గంటసేపు ఎక్కువ తిరిగినం. ఎండ. అప్పుడు మా జిల్లా తమ్ముడే ఒకడు నడుస్తనే కూలబడ్డడు. పొద్దున వాడు నా కాడికొచ్చి "అన్నా, కడుపుల బాగలేదు, టిఫిన్ తినలేదు" అన్నడు. నేను ఏమన్ననో చెప్పనీకే సిగ్గయితది. "తండా పిల్లగానివి, గట్టోనివి, నీకేందిరా" అన్న. బస్తాల కాడ నాకు కుచ్చుకున్న మాటనే, నా నోటితోనే.

నేను బిత్తరపోయి నిలబడ్డ. గోండు తమ్ముడే వాన్ని నీడకు గుంజిండు, బెల్టు, బూట్లు వదులు చేసిండు, కాళ్లు ఎత్తి పెట్టిండు, తువ్వాల తడిపి మెడకు, చంకలకు అద్దిండు. కండ్లు తెరిచినంక గుక్క గుక్క నీళ్లు తాపిండు. ఆ నీళ్లు కూడా వానివే. మా అందరి బాటిళ్లు ఎప్పుడో అయిపోయినయి. బయలుదేరేటప్పుడు ఎవరి బాటిల్ల ఎన్ని ఉన్నయో నేను చూడనే లేదు.

ఉస్తాద్ జీపుల వచ్చి, వాన్ని పంపించి, నన్ను తిట్టలేదు. హిందీల మూడే అడిగిండు. ఈ పది మందిల పొద్దున ఎవరు తినలేదు? ఎవరి కాడ నీళ్లు తక్కువ ఉండె? ఎవరి బూటు కరుస్తున్నది? మొదటిదానికి జవాబు నాకు తెలుసు. తెలిసే తోలుకపోయిన. అది చెప్పలేక తల దించుకున్న. నా చేతిల కంపాస్ తీసి గోండు తమ్మునికి ఇచ్చిండు. వాపసు వాడే తోలుకవచ్చిండు, మొత్తం తొవ్వల రెండుసార్లు ఆగి అందరి నీళ్లు, కాళ్లు చూసిండు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మనకు తండాకు నాయక్ ఉంటడు కదా. ఫౌజుల కూడా నాయక్, లాన్స్ నాయక్ అనే ర్యాంకులు ఉన్నయి. మన పూర్వీకులు ఎడ్ల మీద ధాన్యమేసుకొని మొగలు ఫౌజులకు, దక్కను ఫౌజులకు గింజలు అందించినోళ్లు. వేల ఎడ్ల బిడారును నడిపిన నాయక్‌కు గొంతు ఉంటే సరిపోదు, రాబోయే బావి ఎంత దూరమో, ఏ ఎద్దు కుంటుతున్నదో తెల్వాలె. అది మన ఇంటి విద్యనే, నేను హాస్టల్ల మరిచిపోయిన.

లాన్స్ నాయక్ అంటే యాదికొచ్చింది. అల్బర్ట్ ఎక్కా పేరు మన గ్రూపుల ఎంతమందికి తెలుసు? జార్ఖండ్ గుమ్లా దిక్కు ఆదివాసీ బిడ్డ, 14 గార్డ్స్. 1971 డిసెంబర్ 3న గంగాసాగర్ కాడ, దెబ్బలు తగిలినా, తన కంపెనీని కోస్తున్న మెషిన్‌గన్లను ఒకదాని వెనుక ఒకటి ఆపి ప్రాణమిచ్చిండు. పరమవీర చక్ర వచ్చింది. ర్యాంకు చూస్తే కింది నుంచి లెక్కపెట్టే ర్యాంకే. డెహ్రాడూన్ మిలటరీ అకాడమీల ఆఫీసర్లకు నేర్పే వరుస కూడా ఇదే: ముందు దేశం, తర్వాత నీ జవాన్లు, ఆఖరుకు నీ సుఖం.

ఇగ అడిగినోళ్లకు: రెండో ఏడు బి సర్టిఫికెట్, మూడో ఏడు సి. సి ల కనీసం బి గ్రేడ్, డిగ్రీల 50 శాతం ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కింద సీడీఎస్ రాతపరీక్ష లేకుండ షార్ట్‌లిస్ట్ చేసి ఎస్ఎస్‌బీకి పిలుస్తరు, ఆడపిల్లలకు కూడా. అక్కడ ఐదు రోజులు. గ్రూప్ టాస్కుల్ల లీడర్ ఎవరని ఎవరూ చెప్పరు, వాగు దాటించే కట్టె పట్టుకొని అందరు అరుస్తుంటే, పక్కోడు చెప్పేది వినేటోన్ని కూడా చూస్తుంటరు. నాసొంటి గొంతుగాళ్లు అక్కడ్నే పోతరు.

ఆ కూలబడ్డ తమ్ముడు మంచిగనే ఉన్నడు. క్యాంపు అయినంక వానికి మాఫీ చెప్పిన. "ఏం లేదన్నా" అన్నడు, గని ఆ తర్వాత కడుపు నొచ్చినా, కాలు నొచ్చినా నాకు చెప్పలేదు, వేరేటోనికి చెప్పిండు.

మేడ్చల్, శామీర్‌పేట హాస్టళ్లల్ల ఉన్నోళ్లు ఆదివారం పొద్దుగాల ఏడింటికి చెరువుగట్టు కాడికి రండి. నా కాడ ఒక కంపాస్, రెండు మ్యాపులు ఉన్నయి. తినే రండి, బాటిల్ నింపుకొని రండి, వచ్చినంక అడుగుత. మ్యాప్ చదువుడు తెలిసినోళ్లు కూడా రావాలె, నేను మళ్ల తిప్పి చదివితే చెప్పనీకే.